పాంక్రియాస్ క్యాన్సర్ వైద్యం అయ్యాక: తిరగబెడితే పసిగట్టడం ఎలా, ఆ తర్వాత ఏం చేయాలి

క్లోమం (పాంక్రియాస్) తల భాగాన్ని తీసేసే విప్పుల్ ఆపరేషన్ అయి, ఆ తర్వాత ఆరు నెలల కీమో కూడా ముగించుకుని ఇంటికొచ్చిన వాళ్ళ కోసం, వాళ్ళని చూసుకుంటున్న ఇంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కోనసీమ లంకల్లోనో, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపో ఉండేవాళ్ళకి పెద్దాస్పత్రి పక్కవీధిలో ఉండదు. ఆపరేషన్ విశాఖలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుంది. ఆ తర్వాత నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే.

ముందు ఒక కష్టమైన మాట చెప్పుకోవాలి. క్లోమం క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఏడెనిమిది మందికి అది మళ్ళీ వస్తుంది. ఎక్కువమందికి మొదటి రెండేళ్ళలోనే. ఆపరేషన్ చేసే నాటికే కంటికీ స్కాన్‌కీ అందనంత చిన్న కణాలు లివర్‌లోకో, పొట్ట లోపలి పొరలోకో, అక్కడి నరాల వెంబడో చేరిపోయి ఉంటాయి. తిరగబెట్టడానికి కారణం అది. ఆవకాయ తిన్నందుకో, పెళ్ళికెళ్ళి భోజనం చేసినందుకో రాలేదు. ఇంట్లో ఎవరైనా పేషెంట్‌నో, వంట చేసిన మనిషినో ఆ మాట అంటుంటే వెంటనే ఆపండి. జబ్బుతో పాటు ఆ నింద కూడా మొయ్యడం ఎవరివల్లా కాదు.

1. ముందు ఫైలు సర్దండి

ఆస్పత్రి నుంచి వచ్చిన కాగితాల కట్టలో నాలుగు ముఖ్యం. బయాప్సీ రిపోర్టు, అంటే తీసిన గడ్డని పరీక్షించి ఇచ్చినది. అందులో అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, ఎన్ని లింఫు గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింట్లో ఉంది అనేవి రాసి ఉంటాయి. రెండోది ఆపరేషన్ నోట్స్. మూడోది కీమో చార్టు: ఏ మందులు, ఎన్ని సైకిళ్ళు, చివరి డోసు ఏ తేదీన. ఆ చివరి తేదీ మీద తర్వాతి వైద్యం చాలావరకు ఆధారపడుతుంది కాబట్టి దాన్ని ఎర్రపెన్నుతో రాసుకోండి. నాలుగోది వైద్యమంతా అయ్యాక చేసిన సీఏ 19-9 రక్తపరీక్ష, అంటే ఈ క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక పదార్థాన్ని కొలిచేది. స్కాన్ రిపోర్టు కాగితమొక్కటే చాలదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. కొత్త డాక్టర్ పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి చూడాలంటే అది కావాలి. అన్నీ ఫోన్లో ఫొటోలు తీసి ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచండి.

2. చెకప్‌లు మానొద్దు

మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలల నుంచి ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష, సీఏ 19-9, ఛాతీకీ పొట్టకీ కాంట్రాస్ట్ సీటీ స్కాన్. మామూలుగా పాటించే పద్ధతి ఇది. మీ డాక్టర్ ఇంకా దగ్గర దగ్గరగా రమ్మంటే వెళ్ళండి. వరికోతలనో, చెరువులో రొయ్యల పట్టుబడి ఉందనో వాయిదా వేస్తే ఒక చెకప్ కాస్తా రెండవుతుంది.

సీఏ 19-9 గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, దీని మీదే ఇళ్ళల్లో ఎక్కువ టెన్షన్. మామూలు హద్దు 37 దాకా. కానీ ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేం. వరసగా ఎటు పోతోందో చూడాలి. ఉదాహరణకి, 18 ఉన్నది మూడు నెలలకి 34 అయి, ఆ తర్వాత 70 అయితే అది స్కాన్‌లో గడ్డ కనపడక ముందే వచ్చే సూచన కావచ్చు. కొన్నిసార్లు స్కాన్ కంటే నెలల ముందే ఇది పెరుగుతుంది. అయితే పిత్తనాళం మూసుకుపోయినా, దానికి ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా అంకె బాగా పెరుగుతుంది. ఆ ఇబ్బంది తగ్గాక మళ్ళీ చేయిస్తేనే నిజం తెలుస్తుంది. ఇంకో సంగతి: నూటికి ఐదు నుంచి పదిమంది శరీరంలో ఈ పదార్థం పుట్టనే పుట్టదు. ఆపరేషన్‌కి ముందు గడ్డ ఉన్నప్పుడు కూడా సీఏ 19-9 బాగా తక్కువగానే ఉండి ఉంటే, ఇప్పుడు తక్కువగా ఉందని ధైర్యపడటానికి లేదు. పరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

3. ఇంట్లో ఏం గమనించాలి

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్ని. మూడు నెలలకోసారి డాక్టర్ చూసేది పది నిమిషాలు. మిగతా రోజులన్నీ మనిషి మీ కళ్ళముందే ఉంటారు.

వారానికోసారి బరువు చూడండి. ఒకే రోజు, పొద్దున్నే, టిఫిన్‌కి ముందు. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి. కారణం లేకుండా నెలలో రెండు కిలోలు తగ్గితే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. మిషన్ లేకపోతే బట్టలు చూసినా తెలుస్తుంది. లంగా బొందు ముడి పోయిన నెలకంటే రెండంగుళాలు బిగించి కట్టాల్సి వస్తోందా, వాచీ మణికట్టు దగ్గర నిలవకుండా కిందికి జారుతోందా చూడండి. ఒక్కోసారి పొట్టలో నీరు చేరి బరువు పెరుగుతుంది. బుగ్గలూ భుజాలూ చిక్కిపోయి పొట్ట ఒక్కటే ఎత్తుగా ఉంటే, మిషన్ ఏం చూపించినా సరే, డాక్టర్‌కి చూపించాలి.

నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోతోందో అడగండి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, వెల్లకిలా పడుకుంటే ఎక్కువై ముందుకి వంగి కూర్చుంటే తగ్గే నొప్పి ఈ జబ్బు లక్షణం. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఆయన మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీదకి వంగి కూర్చుని ఉంటే, పొద్దున్న గ్యాస్ బిళ్ళ తెచ్చి సరిపెట్టొద్దు. మన ఊళ్ళల్లో కడుపులో ఏ బాధ వచ్చినా మొదట పెట్టే పేరు గ్యాస్. ఆర్ఎంపీ దగ్గర ఓ ఇంజెక్షన్ చేయించుకుంటారు, రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్ళీ వెళ్తారు. అలా నెల గడిచిపోతుంది.

ఇంకా చూడాల్సినవి: షుగర్ కొత్తగా రావడం, ఉన్న షుగర్ కారణం లేకుండా అదుపు తప్పడం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయినట్టుండటం, ఎప్పుడో పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో పడటం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఈ క్యాన్సర్‌లో అది ఎక్కువ. దానితో పాటు ఒక్కసారిగా ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి చూద్దామని కూర్చోకూడదు. అదే గంటలో బయల్దేరాలి. తోక వైపు క్లోమంతో పాటు ప్లీహం కూడా తీసేసిన వాళ్ళకి కీమో లేకపోయినా ఇదే నియమం. న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు వేయించారో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

4. కామెర్లు కనిపిస్తే పసరు జోలికి పోవద్దు

డెల్టాలో ప్రతి మండలానికీ కామెర్లకి పసరు పోసేవాళ్ళు ఉన్నారు. నేల ఉసిరి నూరి ఇస్తారు, కొన్నిచోట్ల చేతికి వాత కూడా పెడతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి, ఆ మంచిపేరు పసరుకి దక్కింది. క్లోమం ఆపరేషన్ అయినవాళ్ళకి వచ్చే కామెర్లు వేరు. పిత్తం కిందికి దిగే దారి మూసుకుపోయి వస్తాయి. దారి తెరవనిదే ఏ ఆకు నూరినా తగ్గవు. పసరు మందుకి పత్యం అని పది రోజులు ఉప్పూ నూనే మాన్పించి చప్పిడి కూడు పెడితే, అసలే చిక్కిన మనిషి ఇంకా చిక్కిపోతారు.

కళ్ళు పచ్చబడ్డాయో లేదో ట్యూబ్‌లైట్ కింద తెలీదు. పగటి వెలుతురులో వాకిట్లోకి తీసుకొచ్చి చూడండి. మూత్రం డికాక్షన్ రంగులో, మలం తెల్లగా పాలిపోయి ఉండటం, ఒళ్ళంతా దురద, ఇవన్నీ కలిసొస్తే అనుమానం అక్కర్లేదు. వీటితో చలి వణుకుతో జ్వరం వచ్చిందంటే పిత్తనాళానికి ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చని అర్థం, తెల్లారేదాకా ఆగకూడదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. విప్పుల్ అయినవాళ్ళకి పేగుల దారి మారిపోయి ఉంటుంది కాబట్టి నోటి ద్వారా గొట్టం పంపి స్టెంట్ వేయడం కష్టం. చాలాసార్లు పక్కటెముకల సందులోంచి లివర్‌లోకి సన్నటి గొట్టం వేసి పిత్తం బయటికి తీస్తారు. దాన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. ఏ ఆస్పత్రిలో ఆ డాక్టర్ ఉన్నారో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి అంబులెన్సులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరిగే పని తప్పుతుంది.

5. లక్షణం ఉన్నంతమాత్రాన తిరగబెట్టిందని తేల్చేయొద్దు

బరువు తగ్గడానికి క్లోమ రసాలు చాలకపోవడం కూడా కారణమే, దానికి మందుంది. కామెర్లు ఆపరేషన్‌లో వేసిన కుట్టు దగ్గర దారి సన్నబడటం వల్ల కూడా రావచ్చు. స్కాన్‌లో ఆపరేషన్ చేసిన చోట కనిపించే మచ్చ గట్టిపడిన పాత కండ కావచ్చు. అందుకే పాత సీడీ కావాలన్నది. మచ్చ పెరుగుతోందో లేదో చూడటానికి ఆరు, ఎనిమిది వారాలాగి మళ్ళీ స్కాన్ తీద్దామని డాక్టర్ అంటే అది నిర్లక్ష్యం అనుకోవద్దు. అనుమానం బలంగా ఉంటే పెట్ స్కాన్, వీలైనచోట సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్ళో అంటారు, ఆ భయంతో వైద్యం ఆపుకోవద్దు. కాంట్రాస్ట్ స్కాన్‌కి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి.

6. తిరగబెట్టిందని తేలితే డాక్టర్‌ని అడగాల్సినవి

మొదటి ప్రశ్న: ఎక్కడ వచ్చింది, ఒక్కచోటేనా? లివర్‌లో వస్తే త్వరగా పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో మాత్రమే వస్తే సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. ఆపరేషన్ చేసిన చోట మాత్రమే ఉంటే రేడియేషన్‌కి వీలుండొచ్చు. మళ్ళీ ఆపరేషన్ చేసే సందర్భాలు చాలా అరుదు. ఎవరైనా వెంటనే కోసి తీసేద్దాం అంటే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు.

రెండోది: ఏ కీమో, ఎందుకు అదే? ఇక్కడ మీరు ఎర్రపెన్నుతో రాసుకున్న తేదీ పనికొస్తుంది. చివరి కీమో అయిన ఆరు నెలల లోపే తిరగబెడితే మామూలుగా మందుల వర్గం మారుస్తారు. జెమ్‌సిటాబిన్ ఇచ్చి ఉంటే ఫ్లోరోయురాసిల్ కలిసినవి, ఫోల్ఫిరినాక్స్ (ఫ్లోరోయురాసిల్‌తో పాటు మరికొన్ని మందులు కలిపి ఇచ్చే కీమో) ఇచ్చి ఉంటే జెమ్‌సిటాబిన్‌తో నాబ్-పాక్లిటాక్సెల్. ఆరు నెలలు దాటాక వస్తే పాతవే మళ్ళీ ఇవ్వడానికి కూడా వీలుంటుంది. పేషెంట్ లేచి తిరుగుతున్నారా, రోజులో సగంపైన మంచంలోనే ఉంటున్నారా అన్నదాన్ని బట్టి బలమైన కీమోనా, తేలికదా అని నిర్ణయిస్తారు. డాక్టర్ దగ్గర ఓపిక ఉన్నట్టు నటించమని పేషెంట్‌కి చెప్పొద్దు, మోయలేని మందు పడితే అది ఆయనకే ముప్పు.

మూడోది: జన్యు పరీక్ష చేయించారా? బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్ళకి ప్లాటినం వర్గం కీమో బాగా పనిచేస్తుంది. దానితో జబ్బు అదుపులోకి వచ్చినవాళ్ళకి ఒలాపరిబ్ మాత్రలు మరికొంతకాలం జబ్బు పెరగకుండా ఆపుతాయని 2019లో వచ్చిన పోలో పరిశోధన చూపించింది. ఎంఎస్ఐ అనే మార్పు నూటికి ఒకరికి ఉంటుందేమో, కానీ ఉన్నవాళ్ళకి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే వైద్యం) దారి తెరుచుకుంటుంది. మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్క ఆస్పత్రిలో మైనపు దిమ్మగా భద్రంగా ఉంటుంది, పరీక్షకి దాన్నే అడగొచ్చు.

నాలుగోది అడగటం కష్టం, అయినా అడగండి: ఈ వైద్యంతో ఏం ఆశించాలి? తిరగబెట్టిన క్లోమం క్యాన్సర్ పూర్తిగా నయం కావడం చాలా అరుదు. వైద్యం చేసేది కాలం పొడిగించడానికీ, బాధ తగ్గించడానికీ. ఈ సంగతి తెలియకుండా తీసుకున్న నిర్ణయాలే తర్వాత ఇంటిల్లిపాదినీ బాధపెడతాయి. పేషెంట్‌కి కూడా చెప్పాలనే నేనంటాను, ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడిగి అంత చెప్పండి. తలుపు చాటున గుసగుసలు ఆయనకి వినిపిస్తూనే ఉంటాయి.

7. ఎక్కడికి, డబ్బెలా

కార్డు ఉన్నవాళ్ళకి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో, రేడియేషన్, ఆపరేషన్ ఉన్నాయి. ఊళ్ళో ఇప్పటికీ అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఆస్పత్రిలో చేరకముందే ఆ కౌంటర్‌కి వెళ్ళి ఈ మందు ప్యాకేజీలో ఉందా, బయట కొనాల్సినవి ఏవి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. 104కి ఫోన్ చేసినా ఏ ఆస్పత్రిలో ఉందో చెబుతారు. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ వాళ్ళది, రెండో అభిప్రాయానికి మనకి దగ్గర. కాకినాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ కూడా ఉన్నాయి. పథకంలో లేని ఖరీదైన మందు కోసం కొబ్బరితోట అమ్మాలన్న ఆలోచన వస్తే, ఆ మందుతో సగటున ఎన్ని నెలల తేడా అని డాక్టర్‌ని అడిగి, ఆ జవాబు పేషెంట్‌కి కూడా వినిపించి, అప్పుడు నిర్ణయించుకోండి.

రైలులో వెళ్తే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం ఉంది. ఆస్పత్రి నుంచి రైల్వే ఫారం పూర్తి చేయించుకుని స్టేషన్ కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి.

8. తిండీ, ఎంజైమ్ క్యాప్సూళ్ళూ

మలం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, ఎన్ని చెంబులు పోసినా పోకుండా, నూనె తెట్టు కట్టినట్టుంటే తిన్న కొవ్వు ఒంటికి పట్టట్లేదని అర్థం. దీనికి క్లోమ రసాల లోటు తీర్చే పాంక్రియాటిన్ క్యాప్సూళ్ళు ఇస్తారు. చాలామంది వాటిని భోజనానికి అరగంట ముందో, తిన్నాకో వేసుకుంటున్నారు, అందుకే పనిచేయట్లేదు. మొదటి ముద్దతో వేసుకోవాలి. రెండుంటే ఒకటి మొదట్లో, ఇంకోటి భోజనం మధ్యలో. నమలకూడదు, వేడి కాఫీతో మింగకూడదు. పెద్ద భోజనానికి సాధారణంగా 40,000 నుంచి 50,000 యూనిట్లు, టిఫిన్‌కి అందులో సగంతో మొదలుపెడతారు. పాలు, ఇడ్లీ, గుడ్డు దేనికైనా కావాలి. మామిడిపండు ముక్కకో మజ్జిగ నీళ్ళకో అక్కర్లేదు. ఎండాకాలం వీటిని పొయ్యి గట్టు మీద ఉంచొద్దు, వేడికి పాడవుతాయి. ఇవి పంది క్లోమం నుంచి తయారవుతాయి, ఆ పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

రోజుకి మూడు పెద్ద భోజనాల బదులు ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. కొరమీను పులుసు, గుడ్డు, కందిపప్పు, పెరుగు, ఏది సహిస్తే అది. నూనె పూర్తిగా మాన్పించొద్దు, క్యాప్సూల్ సరిపడా వేసి పెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం తినకుండా ఇంజెక్షన్ తీసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. క్లోమం తీసేశాక పడిపోయిన షుగర్‌ని పైకి లేపే హార్మోను కూడా తగ్గిపోతుంది మరి. తలగడ పక్కన బెల్లం ముక్క ఉంచండి.

9. నొప్పిని భరించమని చెప్పొద్దు

మార్ఫిన్ అంటే ఆఖరి రోజుల మందని భయపడి ఇళ్ళల్లో దాచిపెట్టేస్తుంటారు. నోటి మార్ఫిన్ బిళ్ళ నాలుగు గంటలకోసారి, నొప్పి రాకముందే, గడియారం చూసి వేస్తే మనిషి నిద్రపోతారు, తింటారు, మనవలతో మాట్లాడతారు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండి సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మొదటి రోజు నుంచే విరేచనం మందు కూడా అడగండి. మార్ఫిన్ అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ఇస్తున్నారు. తీసుకునేటప్పుడే మళ్ళీ ఏ తేదీకి రావాలో రాయించుకోండి. బిళ్ళలతో లొంగని వీపు నొప్పికి సీలియాక్ ప్లెక్సస్ అనే నరాల ముడికి ఇంజెక్షన్ ఇస్తారు. దాని గురించి చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.

10. వరదల నెలల్లో

జూలై నుంచి సెప్టెంబరు దాకా లంకల్లో ఉండేవాళ్ళు నొప్పి మందు, ఇన్సులిన్, క్యాప్సూళ్ళు రెండు వారాలకి సరిపడా ముందే తెచ్చి పెట్టుకోవాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటిది ఇవ్వగానే పేషెంట్‌ని అమలాపురమో రాజోలో పాలకొల్లో, రోడ్డు తెగని చోట ఉన్న చుట్టాలింటికి చేర్చండి. కాజ్‌వే మునిగాక జ్వరంతో వణికే మనిషిని పడవెక్కించడం చాలా కష్టం. కీమో తేదీ వరదలో పడేలా ఉంటే ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి రెండు రోజులు ముందుకో వెనక్కో జరపమని అడగొచ్చు.

11. పిల్లల సంగతి

క్లోమం క్యాన్సర్ వచ్చినవాళ్ళలో పదిమందిలో ఒకరి దాకా పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు ఉంటుంది. అందుకే ఈ జబ్బు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేయించమంటారు. పేషెంట్ రక్తంతో చేస్తేనే బాగా తేలుతుంది కాబట్టి ఆయన ఓపికగా ఉన్నప్పుడే చేయించండి. మార్పు ఉందని వస్తే కూతుళ్ళకి రొమ్ము, అండాశయం క్యాన్సర్ల గురించీ, కొడుకులకి ప్రోస్టేట్ గురించీ ముందే జాగ్రత్తపడే వీలుంటుంది. పెళ్ళి సంబంధాలకి అడ్డొస్తుందని ఆ రిపోర్టు బీరువాలో దాచకండి. కాపీలు తీయించి పిల్లలకీ, పేషెంట్ అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్ళకీ తలా ఒకటి ఇచ్చి, వాళ్ళ డాక్టర్లకి చూపించమని చెప్పండి.